తెలియని యూరిలో పరుల ముఖము

మనుష్యునికి గల సొత్తులలో ముఖము వంటి విచిత్రమైన సొత్తు మఱియొకటి లేదు. పొలము గలవాడు తన పొలమును చూచుకొనగలడు. ఇల్లు గలవాడు తన యింటిలో కూర్చుండగలడు. ముఖము గలవాడు మాత్రము అద్దము లేనిదే తన ముఖమును ఎన్నడును చూడజాలడు. పుట్టిననాటినుండి దానిని మోయువాడొకడు. చూచి మెచ్చువారును వెక్కిరించువారును వేఱొకరు. ఇట్టి సొత్తుపై హక్కు ఎవరిది? మోయువానిదా, చూచువారిదా? ఈ ప్రశ్న పూర్వము తర్కము చదివినవారి ప్రొద్దుపుచ్చుటకు మాత్రమే పనికివచ్చెడిది. కెమెరా పుట్టిన తరువాత, అందును నేడు ప్రతివాని జేబులోను ఫోనుతోపాటు కెమెరా యొకటి చేరిన తరువాత, ఇది నిత్యవ్యవహారములోని ప్రశ్న యైనది. నోటితో నెవ్వరును దీనిని అడుగుట లేదు గాని, బొటనవ్రేలితో నొక్కినప్పుడెల్ల మనము దీనికొక తీర్పు చెప్పుచునే యున్నాము.

ఈ విషయమున మాకు గల యనుభవము స్వల్పమే. ఐనను అది మాకు సిగ్గు తెప్పించిన యనుభవము గావున చదువరులకు కొంత యుపయోగింపవచ్చునని వ్రాయుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట భాద్రపదమాసమున మేము కోల్‌కతా నగరమునకు పోయి, డాక్యుమెంటరీ రూపచిత్రములను తీయుట నేర్చుకొనుటకై యొక యుపాధ్యాయునికడ కొన్ని వారములు శిష్యులమై యుంటిమి. ఆ నగరము మాకు క్రొత్త. బంగాళీభాష మాకు రాదు. అచ్చటివారు చిత్రమును ‘ఛొబి’ యందురు. అది మన ‘ఛవి’ శబ్దమే. మనకు కాంతియైనది వారికి బొమ్మ యైనది. ఆ యొక్కమాట తప్ప మఱేమియు తెలియకయే కెమెరాను మెడకు తగిలించుకొని వీథులలోనికి బయలుదేఱితిమి.

డాక్యుమెంటరీ రూపచిత్రమనగా నేమో మొదట చెప్పవలయును. స్టూడియోలో తీయు చిత్రము మనకందఱకును తెలిసినదే. అచ్చటికి చిత్రము కావలసినవాడు తానే నడచి వచ్చును. తల దువ్వుకొని, మంచిబట్టలు కట్టుకొని, తనకు నచ్చిన రీతిని కూర్చుండి, రుసుము చెల్లించి, చిత్రమును ఇంటికి తీసికొనిపోవును. నచ్చనియెడల మరల తీయుమనును. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను ఆస్థానమున ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు సికిందరాబాదున స్టూడియో నడపినవాడు. ఆయన 1892లో హైదరాబాదునందు ఘోషాస్త్రీల కొఱకు ప్రత్యేకముగా మఱియొక స్టూడియోను ఏర్పఱచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనిత కప్పగించెను. పరపురుషుడు చూడరాని ముఖమును చిత్రింపవలసివచ్చినప్పుడు ఆ ముఖము గలవారి మర్యాదకు తగినట్లు గోడలు కట్టి, కెమెరా వెనుక నిలుచువారిని సైతము మార్చిరి. ముఖము గలవారి సమ్మతికి అంత గౌరవము జరుగగలదని దీనివలన తెలియుచున్నది. అయితే వారు ధనవంతులు.

డాక్యుమెంటరీ చిత్రముననో, పద్ధతి తలక్రిందులు. ఇచ్చట కెమెరా గలవాడే నడచిపోవును. మూటలు మోయువాడు మోయుచుండగా, పూవులమ్మునది యమ్ముచుండగా, వారి వారి చోటుననే, వారి వారి పనిలోనే వారిని చిత్రించును. లోకము ఎట్లున్నదో అట్లు చూపవలయునని యీ విద్య యొక్క సంకల్పము. సంకల్పము మంచిదే. కాని చిత్రము కోరినవాడొకడు, చిత్రములో నుండువాడొకడు. తల దువ్వుకొనుటకు అవకాశము లేదు. వద్దనుటకును తఱచుగా అవకాశము లేదు. చిత్రము చేతికి వచ్చుట యంతకంటెను అరుదు.

మా యుపాధ్యాయుడు మొదటివారమున మాకు వెలుతురును గూర్చి చెప్పెను. నడిమధ్యాహ్నపుటెండలో కనుబొమల నీడపడి కన్నులు గుంటలైపోవును గావున ఆ వేళను ముఖములు తీయరాదనెను. తలుపు ప్రక్కనుండియో కిటికీనుండియో వచ్చు మెత్తని వెలుతురులో ముఖము సగము వెలుగున, సగము నీడను ఉండునట్లు నిలువుమనెను. కెమెరాలోని వెలుతురు కొలత లోకమంతయు నడిమిరకపు బూడిదవన్నె యని యెంచి లెక్కకట్టునట. అందువలన మెఱయు ఆకాశమునకు ఎదురుగా నిలిచిన నల్లనివాని ముఖము మసియై, కన్ను ముక్కు తెలియకుండ పోవును. ఆ లెక్కను నమ్మక ముఖమునకు తగినట్లు మనమే సరిదిద్దవలయును. మఱియు చేరడు దూరమున తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. నాలుగైదు అడుగుల దూరమున ముఖము మనము చూచునట్లే యుండును. ఆ దూరము మాటలాడుకొను దూరమని యాయన యొకనాడు యథాలాపముగా ననెను. ఆ మాట యర్థము మాకు తరువాత తెలిసినది.

ఎందుకనగా మేము మాటలాడు దూరమునకు పోలేదు. హావ్‌డా వంతెన క్రింద మల్లిక్ ఘాటు పూలబజారు కలదు. తెల్లవాఱకమునుపే అచ్చట బంతిపూల దండలు గుట్టలుగా పడును. ఆ గుట్టలను నెత్తిన మోయువారి ముఖములు మాకు మిక్కిలి నచ్చెను. మాకు భాష రాదు, సిగ్గు పడితిమి. అందుచేత దూరమునుండి దగ్గఱగా చూపు పొడవైన లెన్సు నొకదానిని తగిలించి, స్తంభముచాటున నిలిచి, ఎవ్వరికిని తెలియకుండ ముఖములను తీసికొంటిమి. మూడుదినములలో నాలుగువందల చిత్రములైనవి. అందులో నొక్కనితోనైనను మేము పలుకలేదు. ఐనను వారిని గూర్చి మాకు చాల తెలిసినదని సంతోషించితిమి. బస్తా మోయుచు పండ్లు కఱచుకొన్న యొక యువకుని చూచి జీవితముపై కోపగించినాడని వ్రాసికొంటిమి. అతనికి పంటిపోటేమో యను తలపు మాకు రాలేదు.

నాలుగవదినమున కుమార్‌టులికి పోయితిమి. అది నగరమున ఉత్తరభాగమున గంగయొడ్డున బొమ్మలు చేయు కుమ్మరుల పేట. దుర్గాపూజకు కావలసిన విగ్రహములు అచ్చట తయారగును. వెదురుబద్దలపై ఎండుగడ్డి కట్టి, దానిపై ముదుకమన్ను మెత్తి, ఆరిన తరువాత సన్నని మన్నుపూసి, తలలను వేఱుగా అచ్చుపోసి యతికింతురు. రంగులు వేయుట ఆ తరువాత. కన్నులు దిద్దుట యన్నిటికంటె కడపట. సంప్రదాయమున అది మహాలయ అమావాస్యనాటి కార్యము. సందు కిరువైపుల తలలు లేని దేవతలు, కన్నులు లేని దేవతలు నిలిచియుందురు. ఒక కొట్టులో డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడొకడు, తనకంటె ఎత్తైన, కన్నులు దిద్దని విగ్రహమునకు ముందు పీటపై కూర్చుండి వ్రేళ్లకు మన్ను రాచుకొనుచుండెను. తలుపునుండి పడు వెలుతురు సగము ముఖముపై, సగము విగ్రహముపై నుండెను. మేము సందుకు అవతలినుండి కెమెరా నెత్తి నొక్కితిమి.

వృద్ధుడు చూచెను. కోపగింపలేదు, చేతితో రమ్మనెను. పోయితిమి. వచ్చీరాని హిందీలో, మాకును వచ్చీరాని హిందీలో, ఒక్కప్రశ్న వేసెను: “దీనిని ఎవరికి చూపెదరు?”

మాకు జవాబు తోచలేదు. ఏల తీసితిరని యడిగినచో చెప్పుటకు మావద్ద మాటలు సిద్ధముగా నుండెను. కళ, సత్యము, శ్రమజీవుల గౌరవము మొదలగునవి యెల్ల చెప్పియుందుము. ఎవరికి చూపెదరని యెవ్వరైన నడుగుదురని మేమెన్నడును అనుకొనలేదు. తడబడి, “దాదా, మీకొక ప్రతి తెచ్చియిచ్చెదము” అంటిమి. ఆయన నవ్వి, ఏటేట ఈ దినములలో అనేకులు వచ్చి అట్లే చెప్పుదురనియు, ఇంతవఱకు నొక్కటియు రాలేదనియు చెప్పి, మరల మంటిలో చేయిపెట్టెను.

ఆ రాత్రి బసలో కూర్చుండి మేము ఆలోచించినది యిది. మా స్వగ్రామమున మేమిట్లు చేసియుందుమా? రచ్చబండమీద కూర్చున్న పెద్దవానిని చూచి స్తంభముచాటునుండి కెమెరా నెత్తియుందుమా? చేయము. మొదట “బాబాయిగారూ, కులాసాయా?” యందుము. కూర్చుందుము. ఆయన యడిగిన కుశలములకు బదులు చెప్పుదుము. అటుపిమ్మట చిత్రము మాట. ఆ మర్యాద మాలోని ధర్మబుద్ధివలన వచ్చినదా? అట్లయినచో అది కోల్‌కతాకును మావెంట రావలసినదే గదా! రాలేదు. కావున ఊరిలో మేము మర్యాదగా నుండుటకు కారణము వేఱు. ఊరు మమ్మెఱుగును. తప్పు చేసినచో సాయంకాలమునకు మా నాన్నగారికి తెలియును. తెలియని నగరమున మమ్మడుగువాడు లేడు.

తెలియనియూరు అన్నప్పుడు మనము సాధారణముగా ఆ యూరు మనకు తెలియదని మాత్రమే భావింతుము. వీథులు తెలియవు, భాష తెలియదు, ఆచారములు తెలియవు. ఈ లోపము దిద్దుకొనవచ్చును. పటము చూచియో, నాలుగుమాటలు నేర్చియో. కాని తెలియకుండుట రెండువైపులది. మనము ఆ యూరికి తెలియము. మన పేరు, మన యిల్లు, మన మాట నిలుకడ అచ్చట నెవ్వరికిని తెలియదు. ఈ రెండవ తెలియమి మనకు సౌఖ్యమిచ్చును గనుక దిద్దుకొనవలెనని తోచదు. జవాబుదారితనము లేని చూపు హాయిగా నుండును. రూపచిత్రము నేర్చుకొనుటలో కష్టమైన భాగము లెన్సులో లేదు, వెలుతురులో లేదు; అడుగువాడు లేనిచోట అడుగదగినవారమై నిలుచుటలో నున్నది. ఇదియే యీ వ్యాసమున మేము చెప్పదలచినది.

ఈ విషయమున లోకప్రసిద్ధమైన యుదాహరణ మొకటి కలదు. అమెరికాలో డొరోథియా లాంగ్ అను నామె 1895లో జన్మించెను. ఏడవయేట పోలియో వచ్చి కాలు కుంటుపడెను. 1918లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పరదేశిగా వచ్చి, మఱుసటియేట స్టూడియో పెట్టి, సంపన్నుల రూపచిత్రములు తీసి జీవించుచుండెను. ఆర్థికమాంద్యము వచ్చి వీథులు నిరుద్యోగులతో నిండగా, 1933 ప్రాంతమున ఆమె స్టూడియో విడిచి వీథిలోనికి దిగి, రొట్టెకొఱకు వరుసగా నిలిచినవారిని చిత్రించెను. తరువాత ప్రభుత్వశాఖలో చేరి, పొలములు పోగొట్టుకొన్న వలసకూలీలను చిత్రించుచు తిరుగుచు, 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో వద్ద బఠానీకూలీల గుడారములను చేరెను. మంచుకు పంట చెడి కూలి లేకుండెను. అచ్చట నొక తల్లి బిడ్డలతో కూర్చుండియుండెను. లాంగ్ ఆమెను కొన్ని చిత్రములు తీసెను. ఆమె వయస్సు ముప్పదిరెండని తెలిసికొనెను, పేరడుగలేదు. ఇది లాంగ్ తానే 1960లో వ్రాసిన సంగతి.

ఆ చిత్రము పత్రికలలో పడగానే ప్రభుత్వము ఆ గుడారములకు ఇరువదివేల పౌనుల ఆహారము పంపెను. ఆకలిగొన్నవారికి అన్నము దొరకెను. ఇది చిన్నమేలు గాదు. కాని ఆ తల్లియు బిడ్డలును అప్పటికే అచ్చటినుండి వెడలిపోయిరి. తరువాత ఆ ముఖము పుస్తకములలోను, ప్రదర్శనశాలలలోను, 1998లో తపాలాబిళ్లపైనను నిలిచెను. ఆ ముఖము గలామె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనియు, చెరొకీ జాతివనిత యనియు లోకమునకు తెలిసినది 1978లో, అనగా నలువదిరెండేండ్లకు. అప్పుడామె, తన పేరడుగలేదనియు, చిత్రమునకొక ప్రతి పంపెదనని చెప్పి పంపలేదనియు, దానివలన తనకు కాసైన రాలేదనియు చెప్పెను. బండిచక్రముల టైర్లు అమ్ముకొని తినుచుండిరని లాంగ్ వ్రాసిన మాట నిజము కాదని కుటుంబమువారు చెప్పిరి. 1983లో ఆమె వ్యాధిగ్రస్తురాలై యుండగా, ఆ చిత్రము నెఱిగిన పరులు ఉత్తరములు వ్రాసి ధనము పంపిరి. అప్పుడు ఆమె బిడ్డలకు ఆ చిత్రముపై గల యభిప్రాయము కొంత మారినదట. ముఖమునకు పేరు దొరకిన పిమ్మటనే గదా ఉత్తరములు రాగలిగినవి!

లాంగ్‌ను మేము నిందింపజాలము. ఆమె జాలిగలది, కష్టజీవి. ఆ చిత్రమువలన కలిగిన మేలు ఆమె పేరడిగినంతమాత్రమున తగ్గియుండదు. ఒక ప్రతి పంపినంతమాత్రమున నశించియుండదు. మేలునకు అడ్డురాని మర్యాదను సైతము మఱచుటయే యిచ్చటి లోపము. పంపెదనని పలికి పంపకపోవుట గొప్ప పాపముగా తోచదు. ఐనను నలువదియేండ్లు మనస్సులో నిలువగల గాయమని ఆ తల్లిమాటలవలన తెలియుచున్నది. కుమార్‌టులి వృద్ధుని నవ్వులో మాకు వినబడినది ఆ మాటయే.

దీనికి మూడు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది: అడిగినచో నిజము పాఱిపోవును, మనుష్యుడు బిగిసి కూర్చుండును, దొంగనవ్వు నవ్వును, చూడనప్పుడే ముఖము సత్యము పలుకునని. న్యూయార్కులో వాకర్ ఎవాన్స్ అను ప్రసిద్ధుడు 1938 మొదలు 1941 వఱకు భూగర్భ రైళ్లలో కోటుక్రింద కెమెరా దాచి, బొత్తాముల సందునుండి ఎదుటివారిని చిత్రించెను. ఆ చిత్రములు గొప్పవని మేమును ఒప్పుకొందుము. ఆయనయు వానిని గ్రంథరూపమున వెలువరించుట 1966లోనే. కాని అడిగి తీసినవి అబద్ధములని చెప్పుట సరిగాదు. జర్మనీలో ఆగస్ట్ సాండర్ అనునతడు రైతులను, వంటవారిని, విద్యార్థులను, పనిలేనివారిని ఎదుట నిలిపి, వారు తమ్ము తాము ఎట్లు నిలుపుకొందురో అట్లే నిలువనిచ్చి తీసి, 1929లో అఱువది చిత్రములతో గ్రంథము ప్రకటించెను. తమ జాతిగర్వమునకు ఆ ముఖములు సరిపడలేదు కాబోలు, నాజీలు 1936లో ఆ గ్రంథపు అచ్చుపలకలను నాశనము చేసిరి. అడిగి తీసిన ముఖములు అబద్ధమాడువే యైనచో అధికారులు వానికి భయపడవలసిన పని యేమి? మనుష్యుడు తాను ఎట్లు కనబడగోరునో అదియు అతనిలోని సత్యమే. చొక్కా సరిచేసికొను చేయి ఆ చొక్కా చినుగుకంటె తక్కువ నిజమైనది గాదు.

రెండవ యాక్షేపణ: లోకోపకారముకొఱకు ఒక్కని మర్యాదను ప్రక్కకు పెట్టవచ్చునని. దీనికి ఉదాహరణము మన యింటిలోనే యున్నది. 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిని పీడించిన కఱవులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి నలిగినవి. ఆ కఱవున విలోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి, ఎముకలగూళ్లయిన స్త్రీపురుషులను బిడ్డలను గుంపులుగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. అవి నేటికిని కనబడుచున్నవి. వానిని చూచి కఱవును నమ్మనివారు సైతము నమ్ముదురు. అంతమేర నవి సాక్ష్యములే. కాని ఆ ముఖముల క్రింద పేరులు లేవు. వారు కడపవారో, బళ్లారివారో, తమిళదేశమువారో తెలియదు. ఆ వరుసలో మన ముత్తవ్వ యొకతె యుండవచ్చును. ఉన్నను మనము చేయెత్తి మ్రొక్కజాలము. ఆకలి వారి శరీరమును తినివేయగా, పేరు వ్రాసికొనని చిత్రము వారి మనుష్యత్వములో మిగిలినదానిని తీసికొనిపోయినది. ఎముకలు చూపుటకు పేరు వ్రాయరాదను నియమము లేదు గదా. ఉపకారము నిజముగా ఆ మనుష్యునికొఱకే యైనచో, ఆ మనుష్యుడెవడో తెలిసికొనుటతోనే అది మొదలు కావలయును.

మూడవ యాక్షేపణ మిక్కిలి గట్టిది. పేదవాని సమ్మతి సమ్మతియేనా? కెమెరా మెడనున్నవాడు నవ్వుచు అడిగినచో, బలవంతునికి ఎదురుచెప్పుట అలవాటులేనివాడు తల యూపును. భాష రానిచోట ఆ తలయూపునకు అర్థమేమో కూడ తెలియదు. నాలుగు రూకలిచ్చినచో సమ్మతి యగునా, కూలి యగునా? పసిబిడ్డల మాట యేమి? వీనికి మావద్ద పూర్తియైన జవాబు లేదు. అయితే ఒక్కటి చెప్పగలము. సమ్మతి యనునది చిత్రమునకు ముందొక్కసారి తీసికొని జేబులో వేసికొను రసీదు గాదు. చిత్రము తీసిన తరువాత చూపి, చూచినవాడు వద్దన్నచో వదలుకొనుటకు సిద్ధపడినప్పుడే అడుగుటకు అర్థమున్నది. వదలుకొన దలంపనివాడు అడుగుట నటన. ఈ మాట వ్రాయుట సులభము. దీనికెంత వెల యున్నదో మాకు తెలిసినది గనుకనే వ్రాయుచున్నాము.

కుమార్‌టులిలో తీసిన చిత్రమును మా యుపాధ్యాయుడు చూచి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, మీరు వచ్చిననాటినుండి తీసినవానిలో చిత్రమన దగినది ఇదియొక్కటే యనెను. ముందు మన్నంటిన వ్రేళ్లతో వృద్ధుడు; వెనుక కన్నులు లేని దేవత; ఇరువురి ముఖములను ఒక్క వెలుతురే పంచుకొనుచున్నది. శిక్షణము ముగియునప్పుడు శిష్యుల చిత్రములను గోడకు తగిలించి నగరమువారిని పిలుచుట అచ్చటి వాడుక. నడిమిగోడ దీనికేయని నిశ్చయమైనది. మాకు కలిగిన గర్వము దాచుకొనుట యెందుకు? మఱునాడే మంచి కాగితముపై నొక ప్రతి అచ్చొత్తించి, ఏటేట మాటతప్పు వారిలో మేమొకరము కామని చూపుటకై కుమార్‌టులికి పోయితిమి.

వృద్ధుడు చేతులు కడుగుకొని, పంచెకు తుడుచుకొని, చిత్రమును అంచులతో పట్టుకొని చూచెను. తన ముఖమును గూర్చి యేమియు ననలేదు. వెనుకనున్న విగ్రహముపై వ్రేలుపెట్టి, “కన్నులు ఇంకను దిద్దలేదే” యనెను. మేము అదియే దానిలోని యందమని చెప్పబోతిమి. ఆయన తల యడ్డముగా ఆడించెను. పని ముగియని విగ్రహము ప్రక్కన తన ముఖము పెట్టి నలుగురికి చూపినచో, ఇది ఈయన చేసిన బొమ్మ యనుకొందురు గదా. ఏబదియేండ్లుగా తాను పూర్తికాని పనిని ఎవ్వరికిని అప్పగింపలేదని ఆయన భావము. మేము రహస్యముగను గంభీరముగను భావించినది ఆయనకు సగముచెక్కిన పని. కన్నులు లేని దేవతలో మేము మా కవిత్వమును చూచుకొంటిమి. ఆయన తన పేరును చూచుకొనెను.

“మీరు వలదన్నచో చూపము” అని మా నోట వచ్చినది. వచ్చిన తక్షణమే వెనుకకు తీసికొనవలెనని తోచినది. నడిమిగోడ కన్నులముందు మెదలినది. భాష సరిగా తెలియలేదని నటింపవచ్చును. ఆయన ఆ ప్రదర్శనకు రాడు. ఎవ్వరును ఆయనకు చెప్పరు. మేమాయనకు తెలియము, మా యూరాయనకు తెలియదు. ఆ రాత్రి మేము ఆలోచించిన ధర్మమంతయు ఈ యొక్క క్షణమున తూకమునకు వచ్చినది. ఆయన మా ముఖమును చూచుచుండెను. మా ముఖమున అప్పుడేమి కనబడినదో మాకు తెలియదు. మా ముఖమును మేము చూడజాలము గదా! కొంతసేపటికి ఆయన పీట జరిపి, మమ్ము కూర్చుండుమని టీ తెప్పించెను. పిమ్మట పూర్తియైన చిన్నలక్ష్మీవిగ్రహమును ఒడిలో పెట్టుకొని, జుట్టు సవరించుకొని, ఇప్పుడు తీయుమనెను. నాలుగడుగుల దూరమునుండి తీసితిమి.

ఆ రెండవచిత్రము సామాన్యమైనది. మా యుపాధ్యాయుడును అట్లే చెప్పెను. దానిని మూలగోడకు తగిలించిరి. నడిమిగోడకు వేఱొక శిష్యుని చిత్రము చేరెను. మొదటిచిత్రము నేటికిని మా పెట్టెలో నున్నది, ఎవ్వరికిని చూపలేదు. చూపలేదే యని యప్పుడప్పుడు విచారము కలుగుట లేదని చెప్పినచో అబద్ధమగును. రెండవచిత్రమునకు ప్రతి నొకదానిని ఆయనకిచ్చితిమి. దానిని కొట్టులో దేవుని పటముప్రక్కన మేకుకు తగిలించెను. ఆయన పేరు మాకు తెలియును. ఇచ్చట వ్రాయుటకు ఆయన సెలవు తీసికొనలేదు గావున వ్రాయము.

ఇంతకును ఇది కెమెరాలు మెడను వేసికొని దేశాంతరములు తిరుగువారి సంగతి గదా, మాకేల యని చదువరులు అనుకొనవచ్చును. మన యిండ్లలోనే చూడుడు. 2020లో కరోనావ్యాధి ప్రబలి కూలీలు పనిలేక యలమటించినప్పుడు అన్నము పంచిపెట్టిన పుణ్యాత్ములు మన వీథులలో ననేకులుండిరి. వారిలో కొందఱు బియ్యపుసంచి ఇచ్చుచు, పుచ్చుకొనువానిని కెమెరావైపు తిరుగుమనిరి. సంచి అతని చేతికి పోయినది, అతని ముఖము వీరి ఫోనులోనికి వచ్చినది. ఇచ్చినవారు ఇచ్చితిమనుకొనిరి, ఒక యమ్మకము జరిగినదని తోచలేదు. పనిమనిషి బిడ్డకు పాతచొక్కా తొడిగి చిత్రము తీసి బంధువులందఱికి పంపువారును కలరు. సంఘసంస్కరణమునకై పాటుపడు సభలలో సైతము, కుట్టుయంత్రము పుచ్చుకొను వితంతువు వేదికపై ఎంతసేపు చేతులు జోడించి నిలువవలెనో చిత్రములు తీయువారే నిర్ణయించుచున్నారు. వీరెవ్వరును దుర్మార్గులు గారు. మేము స్తంభముచాటున నిలిచిన దినములలో మేమును దుర్మార్గులము గాము.

తెలియనియూరు దూరముననే యుండునను భ్రమ విడువవలయును. మన పనిమనిషి యే పేటనుండి వచ్చునో, ఆ పేటలో ఆమె యింటికి తలుపున్నదో లేదో మనలో నెందఱికి తెలియును? పదిసంవత్సరములు మన గిన్నెలు తోమినదాని యూరు మనకు కోల్‌కతాకంటెను దూరము. ఆమె మనలను అడుగజాలదు గనుక అచ్చట మనము అపరిచితులమే. తెలియని నగరమున రూపచిత్రము నేర్చువాడు నేర్వవలసిన పాఠమే ఇచ్చటను చాలును. మాటలాడు దూరమునకు పోవలయును. పేరడుగవలయును. ఎవరికి చూపెదరని యడుగకమునుపే చెప్పవలయును. పంపెదమన్నచో పంపవలయును. వలదన్నచో, ఆ చిత్రమెంత మంచిదైనను, పెట్టెలో పెట్టవలయును.

మహాలయ అమావాస్యకు ముందే మేము కోల్‌కతాను విడిచి వచ్చితిమి. ఆ పెద్దవిగ్రహమునకు కన్నులు దిద్దుట మేము చూడలేదు.